అభ్యంతరమ్మా, భూమిలో కేబుళ్ళూ

మా తోటికోడలికి పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది పెన్షన్ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. మా వీధి మొత్తానికి ఆవిడ అభ్యంతరమ్మ. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు, నాతో సహా. ఎదురుగా నేను 'అక్కా' అంటాను. ఆవిడ మా బావగారి భార్య. పైగా వాళ్ళది కింది వాటా, మాది పై వాటా, నీళ్ళ మోటారు స్విచ్చి ఉన్నది కింది వాటాలో. అందుకని ఏ మాటైనా కాస్త ఆచితూచి అంటాను.

బస్టాండులో ఎంక్వైరీ కౌంటరు వెనక కూర్చోవడం అక్క ఉద్యోగం. ఫలానా బస్సు ఎప్పుడొస్తుంది, రావలసిన బస్సు ఎందుకు రాలేదు, రాని బస్సుకి టిక్కెట్టు ఎందుకిచ్చారు అని జనం అడుగుతూ ఉంటే జవాబు చెబుతూ ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. రిటైరయ్యాక అడగడం మొదలుపెట్టింది. కౌంటర్లో జనం వేసిన ప్రశ్నలన్నీ ఎక్కడో దాచుకుందో ఏమో, ఒక్కొక్కటే బయటికి తీసింది.

ఆవిడకి దారి చూపించింది ప్లానింగ్ ఆఫీసు. మా ఊళ్ళో ఎవరు ఏం కట్టుకోవాలన్నా, ఏం తవ్వాలన్నా ముందు ఆ ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే ముందు ఆ స్థలం దగ్గర ఏ గోడకో స్తంభానికో పసుపు రంగు నోటీసు అంటిస్తారు. ఎవరికైనా అభ్యంతరాలుంటే గడువులోగా రాతపూర్వకంగా తెలియజేయవలెను అని ఉంటుంది అందులో. గోడ అన్నాక కాగితం ఉండదా అన్నట్టు అందరూ దాన్ని చూసి పోతారు. అక్క మాత్రం తనకొచ్చిన పెళ్ళి శుభలేఖలా ప్రతి అక్షరం చదివేది, చదివి ఇంటికొచ్చి జవాబు రాసేది.

మంగలి షాపు బోర్డు పొడుగు మనుషుల నుదుటికి తగిలేలా ఉందని రాసింది. మూల ఇంటివాళ్ళు మూడో అంతస్తు లేపితే ఎదుటి వరసకి మధ్యాహ్నం దాటాక వెలుగుండదని రాసింది. బ్యాంకు ముందు కట్టబోయే మెట్లు ఎక్కడానికే గాని దిగడానికి వీలుగా లేవని, దిగేవాళ్ళు కూడా బ్యాంకు ఖాతాదారులేనని గుర్తు చేసింది. అన్నిటికీ ఒకటే జవాబు వచ్చేది: మీ అభ్యంతరాన్ని పరిశీలించి తిరస్కరించడమైనది. అక్క అందులో 'పరిశీలించి' అన్న మాట చూసుకుని తృప్తిపడేది. నేను 'తిరస్కరించడమైనది' అన్న మాట చూసి ఆవిడకి ఒక కప్పు టీ పెట్టి ఇచ్చేదాన్ని. ఒక్కసారైనా ఎవరో ఒకరు, అమ్మా నువ్వన్నది సబబే అంటారని ఆవిడకి ఆశ. పైకి చెప్పేది కాదు, కానీ పోస్టుమాన్ గేటు తీసిన చప్పుడికి ఆవిడ లేచే తీరు చూస్తే తెలిసిపోయేది.

మా ఇంటి వెనక గోడ అవతల సబ్‌స్టేషను. రోజంతా తుమ్మెద రొద చేస్తున్నట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి తల పోటెక్కుతుంది, మాకు అది ఆగితే నిద్ర పట్టదు. అక్కణ్ణుంచి పేట మొత్తానికి కరెంటు భూమి లోపలి కేబుళ్ళలో వస్తుంది. ఆ కేబుళ్ళు వేసిన రోజుల్లో ఇంటికో బల్బు, ఉన్నవాళ్ళకి ఒక ఫ్యాను. ఇప్పుడు గదికో ఏసీ. ఎండాకాలం సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరి అన్నీ ఒక్కసారే నొక్కుతారు, కింద కేబులు వేడెక్కి చేతులెత్తేస్తుంది. కరెంటు పోగానే వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి మీకూ పోయిందా అని ఒకరినొకరు అడుగుతారు. పక్కింట్లో కూడా పోయిందంటే వాళ్ళకి కాస్త ఊరట.

నాకు కుట్టుపని. కరెంటు పోతే నా మిషను ఆగుతుంది. కింది వాటాలో బావగారి మిషను కూడా ఆగుతుంది. నేనైతే సగం కుట్టిన చొక్కా పక్కన పెట్టి విసనకర్ర అందుకోవచ్చు. బావగారు ఊపిరి పక్కన పెట్టి కూర్చోలేరు కదా.

ఆయన ఫర్నిచర్ వర్క్‌షాపులో చెక్క నునుపు చేసే పని చేశారు. ఏళ్ళ తరబడి పీల్చిన రంపపు పొట్టు ఆయనతో పాటే రిటైరై ఇంటికొచ్చింది. ఇప్పుడు మంచం పక్కన చిన్న బీరువా అంత ఆక్సిజన్ మిషను, దాన్నుంచి ముక్కు దాకా ఒక గొట్టం. కరెంటు పోతే మూలనున్న సిలిండరుకి గొట్టం మార్చి మర తిప్పాలి. ఆ పని అక్కే చేస్తుంది, ఇంకెవర్నీ చెయ్యనివ్వదు. ఆ మార్చే కాస్త సేపట్లోనే బావగారి పెదాలు నీలంగా తిరుగుతాయి. ఈ ఏడు వేడి మొదలయ్యాక అది రోజూ జరిగే తంతైంది. డాక్టరు ఇంటికొచ్చి చూసి, అక్కని వరండాలోకి పిలిచి, "ఈ ఎండాకాలం ఎలాగో గట్టెక్కుతారమ్మా. వచ్చే ఏడు కూడా కరెంటు ఇలాగే పోతూ వస్తూ ఉంటే మాత్రం ఆయన తట్టుకోలేరు" అన్నాడు. అక్క ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆవిడ అడగకపోయేసరికి నాకు భయం వేసింది.

సరిగ్గా అప్పుడే సబ్‌స్టేషన్ గోడ మీద పసుపు నోటీసు పడింది. పాత కేబుళ్ళు తీసేసి పెద్దవి వేస్తారట. వానలు వెనకబట్టాక వీధి తవ్వడం మొదలుపెట్టి, వచ్చే ఎండాకాలం లోపు పూర్తి చేస్తారట. దానికి ప్లానింగ్ అనుమతి కావాలి. నేను చేతిలో కత్తెరతోనే కిందికి పరిగెత్తాను.

"అక్కా, చూశావా?"

"చూశాను."

"ఏం రాస్తున్నావు?"

"దానికి రాయడానికేముందే? మంచి పని. కానివ్వు, చెయ్యనీ." అంటూ ఆవిడ బావగారి దిండు గలేబు మార్చింది. ఆవిడకి అభ్యంతరం లేని నోటీసు ఒకటి ఈ లోకంలో ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. పైకెళ్ళి మా ఆయనతో చెబితే, ఆవిడకి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

గడువు దాటింది. దాటిన కొన్నాళ్ళకి, పొద్దు వాలే వేళ, ప్లానింగ్ ఆఫీసు గుమాస్తా స్కూటరు మీద మా ఇంటికొచ్చాడు. బక్కపల్చటి మనిషి. హెల్మెట్టు తీసి చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బావగారి గదిలోనే కూర్చున్నాడు. అక్క రాసిన ప్రతి కాగితం మీదా ఆఫీసు ముద్ర వేసింది ఇతనే. కానీ ఇద్దరూ ముఖాముఖి కలవడం అదే మొదలు.

"అమ్మా, మీకు ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"నాకేం నాయనా, గుండ్రాయిలా ఉన్నాను."

"మరి సబ్‌స్టేషన్ ఫైలుకి మీ అభ్యంతరం రాలేదు."

"నాకు అభ్యంతరం లేదు."

గుమాస్తా టీ కప్పు కింద పెట్టేశాడు. "అలా అంటే ఎలాగమ్మా?"

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఒకప్పుడు నోటీసులు అంటించే మనిషి, బయట వానకి జిగురు పట్టడం లేదని, ఊరి నోటీసులన్నీ తీసుకెళ్ళి ఆఫీసు గోడౌన్ లోపలి గోడకి అంటించి చేతులు కడుక్కున్నాడట. ఒక్క నోటీసూ బయట కనబడకుండా షెడ్లు లేస్తుంటే కనిపెట్టి పైకి రాసింది అక్కే. అప్పటి పెద్ద ఆఫీసరుకి మెమో వచ్చింది. అది మొదలు ఆఫీసులో ఒక పద్ధతి పడిపోయింది. ఫైల్లో అక్క అభ్యంతరం ఉంటే నోటీసు సవ్యంగా అంటించినట్టు. లేకపోతే అంటించనట్టు. పేపర్లో ప్రకటన వేసినా, ఫోటో తీసి జత చేసినా దాని ముందు బలాదూర్.

"మీది రాలేదని ఫైలు వెనక్కి వచ్చిందమ్మా. మళ్ళీ నోటీసు అంటించాలి, మళ్ళీ గడువు, మళ్ళీ సమావేశం. ఈ సమావేశం తప్పిపోతే తవ్వే కాలం తప్పిపోతుంది. ఇంక పై ఏడే."

"నోటీసు అంటించారు. నేను చూశాను. అదే రాసిస్తాను, అభ్యంతరం లేదని."

"మీరా? లేదనా?" గుమాస్తా మొహంలో నిజంగానే బెదురు కనిపించింది. "అమ్మా, మీ చేత ఆ ముక్క ఎవరు రాయించారు, ఎలా రాయించారని ఎంక్వైరీ వేస్తారు. కరెంటువాళ్ళ ఉద్యోగాల మీదికొస్తుంది. ఆ చిక్కంతా ఎందుకు? ఏదో ఒకటి రాసి పడేయండి. ఎప్పట్లాగే కొట్టేస్తాం."

అక్క మొహం మాడిపోయింది. "ఎప్పట్లాగే అంటే? చదవకుండానే కొట్టేస్తారా?"

"అయ్యో, చదువుతామమ్మా. చదివే కొట్టేస్తాం."

ఆ మాటకి ఏం జవాబు చెప్పేదో గాని, కరెంటు పోయింది. మిషను కీచుమని ఆగింది. అక్క లేచి, గొట్టం ఊడదీసి, సిలిండరుకి తగిలించి మర తిప్పింది. బావగారు మంచం అంచు పట్టుకుని, నోరు తెరిచి, ఎవర్నీ చూడకుండా పైకప్పు కేసి చూస్తున్నారు. గుమాస్తా తన ఫోను లైటు వేసి అక్క చేతుల మీద పడేలా పట్టుకున్నాడు. బావగారి ఛాతీ మళ్ళీ మెల్లగా కదలడం మొదలయ్యాకే దాన్ని ఆర్పాడు. అతను హెల్మెట్టు పెట్టుకుని, గుమ్మంలో ఆగి, "సమావేశం లోపు ఇవ్వండమ్మా, ఆలస్యమైనా పాత తారీఖు ముద్ర వేస్తాను" అన్నాడు. ఇలాంటి మాట అతను జన్మలో ఇంకెవరితోనూ అని ఉండడు.

అతను వెళ్ళగానే రాయనంటే రాయనంది అక్క. లేని అభ్యంతరం ఎక్కణ్ణుంచి తేవాలి అంది. నాకు ఒళ్ళు మండింది.

"మంగలి బోర్డు మీద పేజీలకి పేజీలు రాశావు. కట్టుకున్న మనిషి ఊపిరి కోసం ఒక్క అబద్ధం రాయలేవా? ఎవరడుగుతారు నిన్ను? ఎలాగూ కొట్టేస్తామని అతనే చెప్పాడు కదా."

"అందరూ నవ్వుతారని నాకు తెలీదనుకున్నావా?" అంది అక్క. గొంతు పెంచలేదు. "అభ్యంతరమ్మ అంటారనీ తెలుసు. నువ్వు అంటావనీ తెలుసు. ఎన్ని రాశానో, అందులో ఒక్కటీ అబద్ధం లేదే. అన్నీ కొట్టేశాక నాకు మిగిలింది అదొక్కటే."

నాకు తల కొట్టేసినట్టయింది. మోటారు స్విచ్చి వెయ్యమని అడగాల్సింది, అడగకుండానే పైకెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడే నన్ను కేకేసింది. టేబుల్ మీద కాగితం. రాత్రంతా ఆలోచిస్తే నిజమైన అభ్యంతరం ఒకటి దొరికిందట. వానలు వెనకబట్టాక తవ్వుతాం అంటున్నారు, అప్పటిదాకా ఎందుకు? కేబులు ఇప్పుడు కాలుతుంటే పని ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టరు? ఈ ఆలస్యానికి నా అభ్యంతరం. అంతే రాసింది. నేను చదివి, "బాగుందక్కా" అన్నాను. బాగుండడంతో మనకి పనేముంది, కొట్టేస్తారుగా అని నా ధీమా.

సమావేశానికి తోడు నేనే వెళ్ళాను. ప్లానింగ్ ఆఫీసు హాల్లో పొడవాటి బల్ల, దాని వెనక కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్ద ఆఫీసరు. చిన్న వయసు అమ్మాయి, కళ్ళద్దాలు, ముందు పెట్టిన ప్రతి కాగితాన్నీ నిజంగానే చదువుతోంది. అది చూసి గుమాస్తా అప్పుడే కంగారు పడుతున్నాడు. ఒక పక్క సబ్‌స్టేషన్ ఇంజనీరు చుట్టిన ప్లాను చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. మా ఫైలు వచ్చింది. ఆఫీసరమ్మ అక్క కాగితం చదివింది. తిప్పి మళ్ళీ చదివింది.

"ఇంజనీరుగారూ, ఈవిడ అడిగింది నిజమే కదా. ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టకూడదు?"

ఇంజనీరు చంకలో ప్లాను ఇటునుంచి అటు మార్చాడు. "పెట్టొచ్చు మేడమ్. ఎప్పుడూ వానల తర్వాతే రాస్తాం, అలవాటు కొద్దీ రాశాం."

"అయితే ఈ అభ్యంతరం సబబుగా ఉంది" అంది ఆఫీసరమ్మ.

అక్క తన ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. "ఏమన్నారమ్మా?"

"మీ అభ్యంతరం సబబుగా ఉంది అన్నాను."

"ఇంకొక్కసారి చెప్పండమ్మా" అంది అక్క. ఆఫీసరమ్మ ఇంకోసారి చెప్పింది, ఆవిడకి వినబడలేదేమో అనుకుని కాస్త గట్టిగా. అక్కకి చెవులు శుభ్రంగా వినబడతాయి. నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు గుమాస్తా బల్ల మీదికి వంగాడు. "మేడమ్, అభ్యంతరం ఒప్పుకుంటే కార్యక్రమం మార్చాలి. మారిస్తే కరెంటువాళ్ళు కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవాలి. మళ్ళీ నోటీసు, మళ్ళీ గడువు. ఈలోపు వానలు. ఆ తర్వాత రోడ్లవాళ్ళు తవ్వే వరస వేరే పేటకి ఇచ్చేస్తారు."

"అంటే?"

"పై ఏడు, మేడమ్."

"ఇంకా త్వరగా చెయ్యమన్న అభ్యంతరాన్ని ఒప్పుకుంటే ఏడాది ఆలస్యమవుతుందా?"

"రూలు అలా ఉందండి."

"ఆవిడ వెనక్కి తీసుకుంటే?"

"అసలు రానట్టే లెక్క. రాకపోతే నోటీసు అంటించనట్టు లెక్క."

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "సబబని నేనే అన్నాక నా అంతట నేను కొట్టేయలేను" అంది చివరికి. "కొట్టేయమని ఆవిడే సభలో చెప్పాలి, అది రాసుకోవాలి. అమ్మా, ఇది మీ ఇష్టం. ఒప్పుకోమంటారా, కొట్టేయమంటారా?"

ఎన్నేళ్ళుగా ఆవిడ ఎదురు చూసిన మాట బల్ల అవతల నిలబడి ఉంది, అవునంటే చాలు కాగితం మీదికెక్కుతుంది. పక్కనున్న నాకు ఆవిడ వైపు చూడాలన్నా కష్టంగా ఉంది.

"కొట్టేయండి" అంది అక్క.

"కారణం రాయాలమ్మా" అన్నాడు గుమాస్తా, మెల్లగా.

"మా ఆయన బతకాలి. రాసుకోండి."

అతను రాసుకున్నాడు. ఆఫీసరమ్మ తల దించుకుని సంతకం పెట్టింది. సబ్‌స్టేషన్ కేబుళ్ళకి అనుమతి మంజూరైంది. తర్వాత ఫైలు ఎవరిదో ప్రహరీ గోడ గురించి. మేం లేచి వచ్చేశాం. బస్టాండు మీదుగా వస్తున్నా అక్క ఎంక్వైరీ కౌంటరు వైపు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి బావగారు మెలకువగానే ఉన్నారు. మిషను నడుస్తోంది. ఏమైందన్నట్టు అక్క వైపు చూశారు.

"కొట్టేశారు" అంది అక్క, చెప్పులు విడుస్తూ.

నేను ఊరుకోలేకపోయాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆఫీసరమ్మ సబబు అన్న దగ్గర్నుంచి అక్క చెప్పిన కారణం దాకా పూసగుచ్చినట్టు చెప్పేశాను. అక్క నన్ను కసిరింది, నేను వినిపించుకోలేదు. బావగారు అంతా విన్నారు. ఆయన మాట్లాడాలంటే మధ్యమధ్య ఊపిరి కోసం ఆగాలి. ఆగి ఆగి అన్నారు.

"సబబు అన్నారా, అంతమందిలో? ఒప్పుకోవలసింది కదే. నాదేముంది, వచ్చే ఎండాకాలానికి నేను ఉంటేనా..."

"ఉంటేనా ఏమిటి?" అంది అక్క. మంచం అంచున కూర్చుని ఆయన ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది. "ఉండాలనే కదా కొట్టించుకుని వచ్చాను. ఉండండి."

అక్క చెయ్యి ఆయన చేతిలోకి వెళ్ళింది, లేకపోతే ఆయనదే ఆవిడ చేతిలోకి వచ్చింది, నేను సరిగ్గా చూడలేదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నుంచి వాళ్ళిద్దరూ అలా కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడ ఉండబుద్ధి కాక పైకి వచ్చేశాను.